పసుపు గౌను మీద రెండో గీత

ఆ బొమ్మల సినిమాను ఆల్టరేషన్ ఆంటీ ఏడోసారి చూసి వచ్చిన రోజున, ఆమె కూతురు ఇంట్లో ఒక కొత్త చట్టం చేసింది. భోజనాల దగ్గర ఆ సినిమా ఊసెత్తకూడదు. ఆంటీ బుద్ధిగా తలూపింది. రెండు ముద్దలు లోపలికి పోయేదాకా బాగానే ఉంది. మూడో ముద్ద కలుపుతూ, "అది కాదే, ఆ రెండో గీత ఎవరు..." అని మొదలుపెట్టింది. కూతురు కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

పిల్లదాన్ని తప్పుపట్టలేం. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. స్నేహితురాళ్ళ తల్లులు సీరియళ్ళు చూసి ఏడుస్తుంటే, తన తల్లి మాత్రం బడిపిల్లల మధ్య కూర్చుని బొమ్మల సినిమా చూసి ఏడుస్తోంది. పోనీ ఏడ్చి ఊరుకుంటుందా అంటే, ఇంటికొచ్చి ప్రశ్నలు వేస్తుంది.

ఆంటీకి ప్రశ్నలు పుట్టుకతో వచ్చిన జబ్బు. మూడంతస్తుల మేడలో మెట్ల కింద ఆమె కొట్టు. అక్కడ లేచి నిలబడితే తల మెట్టుకు కొట్టుకుంటుంది కాబట్టి పదహారేళ్ళుగా ఆమె కూర్చునే ఉంది. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడమేకులకు దారపు రీళ్ళు, ఒక డబ్బా నిండా ఊడిన గుండీలు. కొత్త బట్ట కుట్టమంటే కుట్టదు. లావైనవాళ్ళకు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకు బిగిస్తుంది, పొడుగైంది మడుస్తుంది, కురచైంది దింపుతుంది. కొత్తది ఎవరైనా కుడతారనీ, కుట్టినవాడి తప్పుకూ తొడిగేవాడి ఒంటికీ రాజీ కుదర్చడంలోనే పనితనం ఉందనీ ఆమె సిద్ధాంతం. అందుకే ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఆల్టరేషన్ ఆంటీ. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆంటీ అనే పిలుస్తారు. ఆమె పట్టించుకోదు.

బట్ట చేతికి రాగానే ముందు లోపలివైపు తిరగేసి చూస్తుంది. కుడి మోచేతి దగ్గర మాత్రమే అరిగిన చొక్కా చూసి, మీవారు బస్సులో కిటికీ పక్కనే కూర్చుంటారా అని అడుగుతుంది. ఒక్క జేబు సాగిన ప్యాంటు చూసి తాళాల గుత్తి ఏ జేబులో ఉంటుందో చెబుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల నడుం దగ్గర వదులు చెయ్యమని డ్రెస్సు తెస్తే, ఆ శుభవార్త అత్తగారికంటే ముందు ఆంటీకి తెలుస్తుంది. "బట్ట అబద్ధమాడదు" అంటుంది. పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయన, తాను తాళాలు తెరుస్తాననీ ఆవిడ సంసారాలు తెరుస్తుందనీ వచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాడు. ఆలోచనలో పడినప్పుడు ఆంటీ సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగుతో గడ్డం కింద మచ్చను రుద్దుకుంటుంది. చిన్ననాటి మచ్చ. నొప్పీ లేదు, దురదా లేదు. అయినా రుద్దుతుంది.

మంగళవారం ఆమెకు సెలవు. రెండు నెలల కిందట ఒక మంగళవారం, పై అంతస్తులో చిన్నపిల్లల బడి నడిపే టీచరమ్మ కిందికి దిగి వచ్చి, పాతికమంది పిల్లలతో సినిమాకు వెళ్తున్నాననీ, పిల్లల్ని లెక్కపెట్టడానికి ఇంకో పెద్దమనిషి తోడు కావాలనీ అడిగింది. ఆంటీ లెక్కపెట్టడానికని వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు అందులో సగంమంది తగ్గినా ఆమెకు తెలిసేది కాదు. ఆ రోజు టీచరమ్మే అందరినీ లెక్కపెట్టుకుంది, ఆంటీతో సహా.

సినిమా కథ చెప్పుకుంటే చిన్నదే. ఒక నది. ఇవతల ఒడ్డున తాడు పట్టుకుని పడవ దాటించే తల్లి. ఆమెకు పసుపు గౌను తొడుక్కునే ఏడేళ్ళ కూతురు. ఇద్దరికీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండలేరు. మొదట్లో తల్లి ఆ పిల్లను బల్ల మీద నిలబెట్టి, గౌను అంచు కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డను కిందికి దింపి మళ్ళీ కుడుతుంది. తర్వాత వరద వస్తుంది. తాడు తెగి, పడవతో పాటు పిల్ల అవతలి ఒడ్డుకు కొట్టుకుపోతుంది. అక్కడ పక్షుల్ని పెంచే ఒక ముసలమ్మ ఆమెను సాకుతుంది. నది ఏళ్ళ తరబడి తగ్గదు. తల్లి ఇటునుంచి కేకేస్తుంది, కూతురు అటునుంచి కేకేస్తుంది. నీటి హోరులో మాట వినిపించదు, నోళ్ళు కదలడమే కనిపిస్తుంది. చివరికి తల్లి పేనిన కొత్త తాడు అవతలి ఒడ్డు చేరుతుంది. కూతురు దాటి వస్తుంది. మనిషి పొడుగైంది. ఒంటి మీద అదే పసుపు గౌను.

ఆ గౌను దగ్గరే ఆంటీ చూపు ఆగిపోయింది. మడిచిన అంచు దింపితే, పాత మడత ఉన్నచోట వెలిసిన గీత ఒకటి మిగిలిపోతుంది. ఎంత ఉతికినా పోదు, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. ఒకసారి దింపితే ఒక గీత, రెండుసార్లు దింపితే రెండు. పిల్ల ఎప్పుడెప్పుడు ఎదిగిందో ఆ గీతల్ని చూసి చెప్పొచ్చు. సినిమాలో తల్లి దింపింది ఒక్కసారే. చివర్లో గౌను మీద గీతలు రెండున్నాయి.

రెండోసారి ఎవరు దింపారు?

హాల్లో పిల్లలందరూ చప్పట్లు కొడుతుంటే ఆంటీ నోరు తెరుచుకుని ఆ గీతనే చూస్తూ కూర్చుంది. అసలు బొమ్మ గీసినవాళ్ళు ఆ వెలిసిన గీతను గీశారంటేనే ఆమెకు ఒళ్ళు పులకరించింది. ఎవరో దర్జీ కడుపున పుట్టినవాళ్ళే గీసి ఉండాలి, ఇంకెవరికి తెలుస్తుంది ఆ సంగతి అని వారం రోజులపాటు కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు నదీ వరదా పక్షుల ముసలమ్మా విని, జిప్పు సంగతి మరిచిపోయి వెళ్ళిపోయేవారు. మరుసటి మంగళవారం మళ్ళీ వెళ్ళింది. ఆ మరుసటి మంగళవారమూ వెళ్ళింది. చిన్న థియేటరు; మధ్యాహ్నం ఆటకు మనుషులు తక్కువ. టికెట్లు చించే ఆయన మూడో వరుస చివరి సీటు ఆమెకు అట్టేపెట్టేవాడు. ఇందులో ఫైట్లు కూడా లేవు కదమ్మా అని ఒకసారి జాలిగా అడిగాడు కూడా.

ప్రశ్నకు జవాబులు చాలా వచ్చాయి. పిల్లే దింపుకుని ఉంటుందని తాళాలాయన అన్నాడు. ఏడేళ్ళ పిల్ల అంత నున్నగా అంచు కుట్టగలిగితే తన కొట్టు ఆ పిల్లకే రాసిస్తానని ఆంటీ అంది. ముసలమ్మ దింపిందేమో అని టీచరమ్మ అంది. ముసలమ్మ ఇంట్లో సూదే లేదు, ఆవిడ చిరుగుల్ని కూడా తాడుతో ముడేస్తుంది, సరిగ్గా చూడండి అని ఆంటీ ఆమెను ఇంకోసారి తీసుకెళ్ళి చూపించింది. తాళాలాయన్ను కూడా తీసుకెళ్ళింది. ఆయన వరద వచ్చేలోపే నిద్రపోయి, వంతెన కట్టారా అని అడుగుతూ లేచాడు. ఆ సినిమాలో వంతెనే లేదు.

చివరికి కూతురే దిగొచ్చింది. భోజనాల దగ్గర చట్టం పెట్టినా లాభం లేదని తేలాక, ఫోన్లో వెతికి, ఆ సినిమా తీసినవాళ్ళకు ఉత్తరం రాసే దారి కనిపెట్టింది. ఆంటీ చెప్పింది చెప్పినట్టు రాసింది. ఫలానా చోట అంచు ఒకసారి దింపారు, ఫలానా చోట రెండు గీతలున్నాయి, దయచేసి రెండోసారి దింపిందెవరో చెప్పగలరు. జవాబొస్తుందని కూతురు అనుకోలేదు. వస్తే ఇంట్లో శాంతి ఉంటుందని మాత్రం ఆశపడింది.

ఒక గుడ్డ మీది గీతకోసం ఇంత రాద్ధాంతమెందుకో వీధిలో ఎవరికీ తెలియదు. ఆంటీకీ తెలియదనే అనుకోవాలి. తెలిసి ఉంటే ఈ కథ ఇంత పొడుగయ్యేది కాదు.

ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. తల్లి యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పనికి కుదిరింది. చంకలో పాలు తాగే చెల్లెలు. చెల్లెల్ని తన దగ్గరే ఉంచుకుని, పెద్దదాన్ని రెండు గంటల బస్సు దూరంలో ఉన్న పెద్దమ్మ ఇంట్లో దిగబెట్టింది. నెల తర్వాత చూడ్డానికి ఒకసారి వచ్చింది. తిరిగి వెళ్తుంటే పిల్ల బస్సు వెనకాల పరిగెత్తి బోర్లా పడి గడ్డం పగలగొట్టుకుంది. ఆ తర్వాత మూడేళ్ళపాటు తల్లి ఆ గడప తొక్కలేదు.

పెద్దమ్మ మంచిదే. తిండికీ మాటకూ లోటు చెయ్యలేదు. కాకపోతే సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మనిషి. గుండీ ఊడితే పిన్నీసు పెట్టి పంపేది. తల్లి కుట్టిచ్చిన ఒకే నీలం స్కర్టుతో పిల్ల ఆ మూడేళ్ళూ బడికి వెళ్ళింది. దాని మీద వెలిసిన గీతలు చూసి బళ్ళో పిల్లలు ఆమెకు "మూడు గీతలు" అని పేరు పెట్టారు. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు చెవులు వేడెక్కుతాయి. తర్వాత తండ్రి కోలుకున్నాడు, తల్లి వచ్చి తీసుకెళ్ళింది, ఇంట్లో అందరూ ఏమీ జరగనట్టే ఉన్నారు. పరాయివాళ్ళ జేబులు ఎందుకు చిరిగాయో అడిగే మనిషి, మూడేళ్ళు నువ్వెందుకు రాలేదని కన్నతల్లిని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే, చెల్లెలి మీద ఉన్నంత ప్రేమ నీ మీద లేకపోయిందే అన్న జవాబు వస్తుందేమోనని భయం. ఆ భయానికి ముప్పై నాలుగేళ్ళు.

ఇప్పుడు తల్లికి డెబ్భై దాటాయి. ఊళ్ళోనే అవతలి కొసన చెల్లెలి దగ్గర ఉంటుంది. ఆంటీ నెలకోసారి వెళ్తుంది, పళ్ళు పట్టుకెళ్తుంది, బీపీ ఎంతుందో అడుగుతుంది, బస్సు వేళకు లేస్తుంది. ఇలా ఉండగా చెల్లెలికి బదిలీ అయింది. కొండల మీది ఊరు. ఏడాదిలో ఎనిమిది నెలలు చలి. ఆ చలి ముసలావిడ ఊపిరితిత్తులకు పడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. చెల్లెలు ఫోన్ చేసి, అక్కా, అమ్మను నువ్వుంచుకుంటావా అని అడిగింది. బుధవారం పొద్దున లారీ వస్తుంది, మంగళవారం రాత్రికల్లా ఏదో ఒక మాట చెప్పమంది.

ఆంటీ నీళ్ళు నమిలింది. ఉన్నవి రెండు గదులు అంది. మా ఆయన సరుకు లారీతో నెలలో ఇరవై రోజులు దారిలోనే ఉంటారంది, పిల్ల పరీక్షలంది. అవన్నీ నిజాలే, ఏదీ కారణం కాదు. నన్ను ఉంచుకోలేనిదాన్ని నేనెందుకు ఉంచుకోవాలి అన్నదే కారణం. మిషను తొక్కుతుండగా ఆ మాట మనసులో తోచినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే సిగ్గేసేది. సిగ్గేసినా మాట పోలేదు.

సోమవారం సాయంత్రం సినిమావాళ్ళ జవాబు వచ్చింది. కూతురు చదివి వినిపించింది. ఇంత శ్రద్ధగా చూసినందుకు కృతజ్ఞతలు, ఆ రెండో గీత గీయడంలో జరిగిన పొరపాటు, టీవీకి ఇవ్వబోయే ప్రతిలో దాన్ని తీసేస్తున్నాం అని నాలుగు ముక్కలు. ఆంటీ ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివినా అదే ఉంది. ఆ పూట భోజనాల దగ్గర ఆమె సినిమా మాటే ఎత్తలేదు. చట్టం అమల్లోకి వచ్చినందుకు కూతురు సంతోషించాలి, కానీ ఆ పిల్లకు ముద్ద దిగలేదు.

మంగళవారం పొద్దున చెల్లెలు సామాను సర్దుకోవాలని తల్లిని ఆటోలో ఎక్కించి పంపింది, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానంది. పిట్టంత మనిషి, చేతిలో గుడ్డసంచీ. లోపలికి వస్తూనే తలుపు తెర అంచు పట్టుకుని తిరగేసి, కుట్టు చూసి, వదిలేసింది. మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. తల్లీకూతుళ్ళకు బీపీ అయిపోయాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. రాత్రికి చెల్లెలికి ఏం చెప్పాలో ఆంటీకి ఇంకా తేలలేదు. మధ్యాహ్నమయ్యేసరికి, సినిమాకు వెళ్దామా అమ్మా అని అడిగింది. ఏం సినిమా అని కూడా అడక్కుండా తల్లి చెప్పులు తొడుక్కుంది.

మూడో వరుసలో రెండు సీట్లు. ఆంటీ ఈసారి తెరను తక్కువా తల్లిని ఎక్కువా చూసింది. ముసలావిడ రెప్ప వెయ్యలేదు. గౌను అంచు దింపే చోట మాత్రం ముందుకు వంగి, ఆ బొమ్మ తల్లి సూది పట్టుకున్న తీరు నచ్చనట్టు చిన్నగా పెదవి విరిచింది. వరద వచ్చింది, తాడు తెగింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు కేకలేసుకునే చోట ఆంటీ ఎప్పటిలాగే కొంగుతో కళ్ళు మూసుకుని ఏడ్చింది. కూతురు దాటి వచ్చింది. ఆట అయిపోయింది, లైట్లు వెలిగాయి, జనం లేచి వెళ్ళిపోయారు.

"గౌను మీద రెండు గీతలున్నాయి చూశావా? రెండోది పొరపాటట. తీసినవాళ్ళే చెప్పారు" అంది ఆంటీ.

"పొరపాటేంటి? తల్లి దింపింది."

"తల్లి ఇటు ఒడ్డున ఉంటే, అటున్న పిల్ల గౌను ఎలా దింపుతుందమ్మా?"

"కొంగ మూట తెచ్చిందిగా. వాళ్ళు అరుచుకుంటున్నప్పుడు తెల్ల కొంగ ఒకటి అటునుంచి ఇటు మూట పట్టుకుని ఎగరలేదూ? మాసిన బట్టల మూట. నువ్వు చూడలేదా?"

ఆంటీ చూడలేదు. కొంగ ఎగిరింది అరుచుకునే చోట. అరుచుకునే చోట ఆమె కళ్ళకు కొంగు అడ్డం. తొమ్మిదిసార్లు టికెట్టు కొనుక్కుని, తొమ్మిదిసార్లూ సరిగ్గా అక్కడే కళ్ళు మూసుకుంది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, మూటలో ఉన్నవి మాసిన బట్టలేనని నీకెలా తెలుసని తల్లిని నిలదీసింది.

తల్లి సంచీ పిడిని వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది.

"పిల్ల బట్ట తల్లి చేతికి రావాలంటే ఉతుకు వంక కాక ఇంకేం దారుంది? నీ స్కర్టు నేను అలాగే కదా దింపాను" అంది.

ఆంటీ వేలికి ఆ రోజు తొడుగు లేదు. ఉత్త వేలే గడ్డం కిందికి వెళ్ళి ఆగింది.

తర్వాత ముసలావిడ చెప్పింది, ఎవరి కథో చెబుతున్నట్టు. పెద్దమ్మ ఇంటి బట్టలు వీధి మలుపులో ఉన్న లాండ్రీకి వెళ్ళేవి. లాండ్రీ నడిపే ఆవిడతో మాట్లాడుకుంది. కార్ఖానాకు నెలకో సెలవు. ఆ రోజు చంటిదాన్ని చంకనేసుకుని తెల్లారేసరికి బస్సు దిగి, లాండ్రీలో ఇస్త్రీ బల్ల వెనక కూర్చునేది. బడికి వెళ్ళే పిల్లలు ఆ దారినే పోయేవారు. కిటికీకి ఆరేసిన దుప్పటి సందులోంచి తన పిల్ల ఎంత ఎదిగిందో చూసేది. మోకాలు బయటపడితే దింపే వేళయిందన్నమాట. మరుసటిసారి వచ్చేసరికి లాండ్రీ ఆవిడ స్కర్టును తీసిపెట్టేది. విప్పి, దింపి, కుట్టి, ఇస్త్రీ చేసి, పెద్దమ్మ ఇంటి మూటలో పెట్టి బస్సెక్కేది. పెద్దమ్మకు అంతా తెలుసు. చెప్పొద్దని మాట తీసుకుంది.

దీపం కిందే చీకటంటారు. ఊళ్ళో బట్టలన్నీ తిరగేసి సంసారాలు చదివిన మనిషి, మూడేళ్ళు తాను తొడుక్కున్న స్కర్టును ఒక్కసారీ తిరగేసి చూడలేదు. సూది పట్టడం రాని పెద్దమ్మ ఇంట్లో అది ఏటా ఎలా పొడుగవుతోందని అనుకోను కూడా లేదు. గీతలు చూసి ఏడ్చింది, అంతే.

"ఇంట్లోకి ఎందుకు రాలేదమ్మా?" అంది ఆంటీ. ముప్పై నాలుగేళ్ళ ప్రశ్న చివరికి అంత చిన్నగా వచ్చింది.

"వస్తే వెళ్ళాలి కదా. వెళ్తుంటే నువ్వు మళ్ళీ బస్సు వెనకాల పరిగెత్తేదానివి. గడ్డం ఒకసారి పగిలింది చాలు. తీసుకెళ్ళడానికి వచ్చే రోజునే కనబడదామనుకున్నాను."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం?"

తల్లి నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకు తెలుసనుకున్నానే. నువ్వూ కుట్టుపనిలోనే ఉన్నావు. గుడ్డ చూస్తే మనుషుల సంగతులన్నీ చెబుతావని చెల్లి చెబుతుంటుంది. నా కుట్టు నీకు తెలీదా? తెలిసీ అడగట్లేదంటే కోపం ఉందనుకున్నాను. ఉండాలి కూడా. అందుకే నేనూ ఎత్తలేదు."

 చీపురు పట్టుకుని మొదటి వరుస దగ్గరికి వచ్చిన టికెట్లాయన్ను చూస్తూ, తల్లి లెక్క ఒకటి గుర్తొచ్చినట్టు మళ్ళీ మాట్లాడింది.

"ఆ స్కర్టు కుట్టేటప్పుడు లోపల నాలుగు మడతలు పెట్టాను. మీ నాన్న లేచి తిరగడానికి నాలుగేళ్ళు పట్టొచ్చని డాక్టరు అన్నాడు. మూడే విప్పాను. నాలుగోది విప్పకుండానే నిన్ను తెచ్చుకున్నాను."

ఆంటీ తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నలభై నాలుగేళ్ళ మనిషి, ఆ పిట్టంత భుజం మీద తల నిలవదు, అయినా అలాగే పెట్టింది. టికెట్లాయన దగ్గరికొచ్చి చూసి, ఈ సినిమాకు ఇది మామూలే అనుకుని, వాళ్ళ వరుస వదిలేసి వెనక వరుస ఊడ్చుకున్నాడు.

బయటికొచ్చాక ఆంటీ మెట్ల మీదే నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది. అమ్మ పెట్టె లారీ ఎక్కించొద్దంది. రెండు గదుల్లో ఎలా సర్దుకుంటావక్కా అని చెల్లెలు అడిగింది. సర్దడమే కదా నా పని అంది ఆంటీ.

ఆ పూట భోజనాలకు ముగ్గురు కూర్చున్నారు. రెండు ముద్దలయ్యాక ఆంటీ ఎడంచేత్తో కూతురి ఫోన్ను ఆమె ముందుకు జరిపి, సినిమావాళ్ళకు ఇంకో ఉత్తరం రాయమంది. కూతురు చట్టం గుర్తుచేయబోయి, తల్లి మొహం చూసి ఊరుకుంది. ఆంటీ చెబుతుంటే ఒంటిచేత్తో కొట్టుకుంటూ పోయింది.

"అయ్యా, ఆ గీత తియ్యకండి. అది పొరపాటు కాదు. మీరే గీసిన కొంగ మూట ఒకటుంది, చూసుకోండి. రెండోసారి దింపింది కూడా తల్లే. ఈ సంగతి మా అమ్మ చెప్పింది. ఆమెకు తెలుసు, ఆమె కూడా దింపింది."

కూతురి వేలు ఆగిపోయింది. ఒకసారి తల్లిని చూసింది, ఒకసారి అమ్మమ్మను చూసింది. అమ్మమ్మ తలొంచుకుని తింటోంది.

"ఏం దింపింది? ఎవరిది? ఎప్పుడు?" అంది.

"నన్నడుగుతావేం?" అంది ఆంటీ. "అమ్మమ్మ ఇక్కడే ఉంది కదా. అడుగు."